పైనుంచి తీసిన ఫొటో పటంగా ఎలా మారుతుంది? మన దేశ మ్యాపింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇరవై రెండేళ్లు స్టీరియో స్క్రీన్ ముందు కూర్చుని పటాలు గీశాను. ఊళ్లలో డ్రోన్ సర్వేలు మొదలైనప్పటి నుంచి చుట్టాలు, ఊరివాళ్లు, పాత క్లాస్‌మేట్లు ఫోన్ చేసి అడుగుతున్నవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. పొలం ఉన్నవాళ్లకూ పనికొస్తుంది, ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలకూ పనికొస్తుంది.

ఫొటోగ్రామెట్రీ అంటే ఏమిటి? రిమోట్ సెన్సింగ్ కూడా అదేనా?

ముక్కుకు ఎదురుగా వేలు పెట్టుకోండి. ముందు ఎడమ కన్ను మూసి చూడండి, తర్వాత కుడి కన్ను మూసి చూడండి. వెనక గోడ మీద వేలు అటూ ఇటూ గెంతినట్టు కనిపిస్తుంది. వేలు దగ్గరగా ఉంటే ఎక్కువ గెంతుతుంది, చెయ్యి చాచితే తక్కువ. ఆ గెంతు ఎంతో కొలిస్తే వేలు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టేయొచ్చు. ఫొటోగ్రామెట్రీ మొత్తం ఈ లెక్క మీదే నిలబడింది. రెండు కళ్ల బదులు విమానం లేదా డ్రోన్ రెండు చోట్ల నుంచి ఒకే నేలను ఫొటో తీస్తుంది. రెండు ఫొటోల్లో ఒకే కొబ్బరి చెట్టు కొన ఎంత జరిగిందో చూసి దాని ఎత్తు, అది ఉన్న చోటు కనుక్కుంటాం.

రిమోట్ సెన్సింగ్ ఇంకా పెద్ద మాట. తాకకుండా, దూరం నుంచి నేల గురించి తెలుసుకునే పద్ధతులన్నీ దాని కిందికి వస్తాయి. కంటికి కనపడని పరారుణ కాంతిలో పంట ఆరోగ్యం చూడటం, రాడార్‌తో వరద నీటిని గుర్తించడం, సముద్రపు వేడిని కొలవడం అన్నీ అందులోవే. సులువుగా గుర్తుపెట్టుకోవాలంటే ఫొటోగ్రామెట్రీ "ఎక్కడ, ఎంత" అని అడుగుతుంది, రిమోట్ సెన్సింగ్ "అక్కడ ఉన్నది ఏమిటి, ఎలా ఉంది" అని అడుగుతుంది. పటానికి రెండూ కావాలి.

ఫోన్‌లో శాటిలైట్ బొమ్మ ఉంది కదా, దాని మీదే కొలుచుకుంటే సరిపోదా?

దారి వెతుక్కోవడానికి సరిపోతుంది. హద్దు తేల్చుకోవడానికి మాత్రం సరిపోదు. మామూలు ఫొటోలో ఎత్తుగా ఉన్నవన్నీ బయటి వైపుకు వాలిపోయి కనిపిస్తాయి. ఒక ఉదాహరణ చెప్తాను. డ్రోన్ 120 మీటర్ల ఎత్తున ఉంది. దాని కింది చోటుకు 50 మీటర్ల దూరంలో 12 మీటర్ల ఎత్తున్న మేడ ఉంది. ఆ మేడ కప్పు అంచు ఫొటోలో తన అసలు చోటు నుంచి దాదాపు ఐదున్నర మీటర్లు పక్కకు జరిగి పడుతుంది. ఐదున్నర మీటర్లంటే పక్కింటివాళ్ల వాకిలి మొత్తం.

అందుకే ముందు నేల ఎత్తుపల్లాల నమూనా తయారు చేసి, దాని ఆధారంగా ఫొటోలో ప్రతి చుక్కనూ దాని సొంత చోటుకు తెస్తారు. అలా సరిచేసిన దాన్ని ఆర్థోఫొటో అంటారు. దాని మీద స్కేలు పెట్టి కొలవచ్చు. ఫోన్‌లో చూసే బొమ్మ ఎంత జాగ్రత్తగా సరిచేశారో మీకు తెలియదు, కాబట్టి దాన్ని చూపించి పక్క రైతుతో గొడవ పడకండి.

స్టీరియో ఫొటోల మీద పని అంటే అసలు ఏం చేస్తారు?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. పాతకాలంలో అద్దాల స్టీరియోస్కోప్ కింద రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి వంగి చూసేవాళ్లు. మా తరానికి వచ్చేసరికి కంప్యూటర్ స్క్రీన్, ప్రత్యేకమైన కళ్లద్దాలు. అద్దాలు పెట్టుకోగానే రెండు బొమ్మలూ కలిసి ఒకటై, ఇళ్లు స్క్రీన్‌లోంచి పైకి లేచి నిలబడతాయి. మొదటి రోజు తల తిరుగుతుంది. వారం రోజులకు అలవాటవుతుంది.

మధ్యలో ఒక చిన్న చుక్క గాలిలో తేలుతూ ఉంటుంది. చేతిలోని చక్రం తిప్పితే ఆ చుక్క పైకీ కిందికీ కదులుతుంది. దాన్ని సరిగ్గా నేల మీద వాల్చాలి. కాస్త ఎక్కువ తిప్పితే నేలలోకి దిగిపోయినట్టు, తక్కువ తిప్పితే గాల్లో వేలాడినట్టు ఉంటుంది. చుక్క నేలను తాకిన ఆ క్షణాన్ని పట్టుకోవడమే పనితనం. అలా తాకించి, తాకించి రోడ్డు అంచు వెంట, కాలువ గట్టు వెంట, ఇంటి కప్పు చుట్టూ గీత లాగుతూ పోతాం. ఎనిమిది గంటల షిఫ్టులో కొన్నిసార్లు ఒక్క వీధి కూడా పూర్తయ్యేది కాదు.

హైదరాబాద్‌లో ఈ పనికి పెద్ద చరిత్రే ఉంది. ఇప్పుడు సైయెంట్ అని పిలుస్తున్న కంపెనీ 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో మొదలైనప్పుడు చేసిన పని కాగితం పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడమే. తర్వాత ఊళ్లో ఇలాంటి ఆఫీసులు చాలా వచ్చాయి. నాలాంటివాళ్లం విదేశీ నగరాల ఇళ్ల కప్పులు ఏ వాలులో ఉన్నాయో, ఏ వీధిలో ఎన్ని దీపస్తంభాలు ఉన్నాయో గీస్తూ సంవత్సరాలు గడిపాం. సాయంత్రం ఇంటికి వెళ్తూ ఎన్నోసార్లు అనుకునేదాన్ని, నేను చూడని దేశంలో మురుగు కాలువ మూత ఎక్కడుందో నాకు తెలుసు, మా ఊరి చెరువు అలుగు ఎక్కడుందో మాత్రం ఇంత వివరంగా ఏ పటంలోనూ లేదని. గత పదేళ్లలో ఆ పరిస్థితి మారుతోంది. ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఆ సంతోషమే.

మన దేశంలో ఈ పని ఎప్పుడు మొదలైంది?

సర్వే ఆఫ్ ఇండియా 1767లో పుట్టింది. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి, త్రిభుజాలు కట్టుకుంటూ దేశం పొడవునా వెళ్లే మహా సర్వేకు శ్రీకారం చుట్టాడు. జార్జ్ ఎవరెస్ట్ ఆయనకు సహాయకుడిగా చేరింది 1818లో, హైదరాబాద్‌లో. ఆ తర్వాత కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ ఎవరెస్ట్ మలేరియాతో మంచం పట్టాడు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ మనిషి మన అడవుల్లో జ్వరంతో మూలిగాడన్న సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఆకాశం నుంచి చూసే చదువు 1966లో డెహ్రాడూన్‌లో సంస్థగా నిలదొక్కుకుంది. డచ్ వాళ్ల సహకారంతో అప్పుడు పెట్టిన ఇండియన్ ఫొటో ఇంటర్‌ప్రెటేషన్ ఇన్‌స్టిట్యూటే ఇవాళ్టి ఐఐఆర్‌ఎస్, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్. 1970లో శాస్త్రవేత్త పిషారొటి బృందం కేరళలో హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్మ్ మీద కొబ్బరి తోటలను ఫొటో తీసి, వేరు తెగులు సోకిన చెట్లను గుర్తించింది. మన దేశంలో రిమోట్ సెన్సింగ్ కథ అంటే ఆ కొబ్బరి చెట్ల నుంచే ఎత్తుకుంటారు.

1974లో హైదరాబాద్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ (ఎన్‌ఆర్‌ఎస్‌ఏ) వచ్చింది. 1979లో షాద్‌నగర్ దగ్గర అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను అందుకునే కేంద్రం పెట్టారు. అదే ఏడాది జూన్‌లో మన భాస్కర-1 ఉపగ్రహం ఎగిరింది. దాని కెమెరాకు ఒక చుక్క అంటే నేల మీద ఒక కిలోమీటరు. అప్పటికి ఏడాదిన్నర ముందు, 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ఎంత మేర మునిగిందో పైనుంచి చూపించడానికి దేశానికి సొంత ఉపగ్రహ చిత్రం అప్పుడు ఒక్కటి కూడా లేదు. ఎన్‌ఆర్‌ఎస్‌ఏను 1980ల్లో, 90ల్లో నడిపించిన బి.ఎల్. దీక్షితులు లాంటివాళ్ల తరం ఆ లోటు చూసి పని చేసిన తరం. ఆ సంస్థే 2008 నుంచి ఇస్రోలో ఎన్‌ఆర్‌ఎస్‌సీ, అంటే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్.

ఉపగ్రహాల చూపు ఎంత మెరుగుపడింది?

1988 మార్చి 17న సోవియట్ యూనియన్‌లోని బైకనూర్ నుంచి మన ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం వెళ్లింది. దాని రెండు రకాల కెమెరాల్లో ఒక చుక్క 72.5 మీటర్లు, 36.25 మీటర్లు. అంటే ఒక చుక్కలో ఎకరం భూమి మొత్తం ఇరుక్కుపోయేంత. పంట ఉందా, బీడా, నీళ్లా అని చెప్పగలిగేవాళ్లం, అంతే. 1995 డిసెంబరులో ఐఆర్‌ఎస్-1సీ 5.8 మీటర్లకు దిగింది. ఆ సమయంలో పౌర అవసరాలకు దొరికే చిత్రాల్లో ప్రపంచంలో అదే స్పష్టమైనది. 2005లో కార్టోశాట్-1 రెండున్నర మీటర్లు, 2007లో కార్టోశాట్-2 మీటరు కంటే తక్కువ, 2019 నవంబరు 27న ఎగిరిన కార్టోశాట్-3 పాతిక సెంటీమీటర్లు. ముప్పై ఒక్క ఏళ్లలో చుక్క ఎకరం నుంచి పళ్లెం అంత అయింది.

వీటిలో పటాల పనికి ఏది పెద్ద మలుపు?

నన్నడిగితే కార్టోశాట్-1. స్పష్టతలో దాన్ని మించినవి తర్వాత చాలా వచ్చాయి. కానీ 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆ ఉపగ్రహానికి రెండు కెమెరాలు ఉన్నాయి. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, ఇంకొకటి 5 డిగ్రీలు వెనక్కి వంగి, ఒకే నేలను ఒక నిమిషం లోపు తేడాతో రెండు కోణాల్లో చూసేవి. మొదట చెప్పిన రెండు కళ్ల లెక్క గుర్తుందా? అదే. విమానం ఎగరలేని హిమాలయాల మీద కూడా స్టీరియో జంటలు దొరికాయి. వాటితోనే దేశం మొత్తానికి కార్టోడెమ్ అనే ఎత్తుల నమూనా తయారైంది. 2009 ఆగస్టులో మొదలైన భువన్ పోర్టల్‌లో అది ఉచితంగా దొరుకుతుంది. ఒక చెరువుకు నీళ్లు ఏ వాలు నుంచి వస్తాయో ఇంజినీరింగ్ విద్యార్థి ఇవాళ ఇంట్లో కూర్చుని గీసుకోగలుగుతున్నాడంటే అందుకే.

పాతిక సెంటీమీటర్ల చిత్రం అంటే పాతిక సెంటీమీటర్ల కచ్చితత్వం ఉన్నట్టేనా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. చుక్క చిన్నదైతే వస్తువు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ వస్తువు భూమి మీద సరిగ్గా ఎక్కడుంది అన్నది వేరే విషయం. చక్కగా, స్పష్టంగా ఉన్న చిత్రం మొత్తంగా ఐదు మీటర్లు తూర్పుకు జరిగి ఉండొచ్చు. దాన్ని నేలకు కట్టిపడేసేవి కంట్రోల్ పాయింట్లు. నేల మీద ముందే కొలిచి పెట్టుకున్న గుర్తులు అవి. రోడ్డు కూడలిలో తెల్ల రంగుతో వేసిన గుర్తో, కల్వర్టు గోడ మూలో. అవి సరిగా లేకపోతే ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా లాభం లేదు.

కంట్రోల్ పాయింట్ల విషయంలో నేనొక దెబ్బ తిన్నాను. కొన్నేళ్ల కిందట ఒక మండలం పని మా చేతికి వచ్చింది. ఒక పాయింటు కల్వర్టు గోడ మూల అని ఫీల్డు నుంచి రాసి పంపారు. ఫొటోలో ఆ కల్వర్టు పక్కనే కొత్తది కట్టి ఉంది. ఏ గోడ? నేను కొత్తదాని మీద చుక్క వాల్చాను, వాళ్లు కొలిచింది పాతదాన్ని. నాలుగు మీటర్ల తేడా. లెక్కలో అనుమానం వచ్చింది కానీ గడువు తరుముతోందని పైవాళ్లు ముందుకు వెళ్లమన్నారు. మూడు ఊళ్ల పటం మళ్లీ మొదటి నుంచి గీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి పాయింటు దగ్గర మనిషి నిలబడి, వేలు పెట్టి చూపిస్తూ తీసిన ఫొటో లేనిదే నేను ఒప్పుకోలేదు.

వర్షాకాలంలో మబ్బులుంటే ఉపగ్రహం ఏం చూస్తుంది?

మామూలు కెమెరా మబ్బునే చూస్తుంది. మనకు పటం అత్యవసరంగా కావలసింది మాత్రం ఆ రోజుల్లోనే, తుపాను వచ్చినప్పుడు, వరద వచ్చినప్పుడు. అందుకే రాడార్. అది తన తరంగాలను తానే పంపి తిరిగి వచ్చినవాటిని వింటుంది, కాబట్టి మబ్బు, చీకటి అడ్డు కావు. కదలని నీటి మీద తరంగం జారిపోయి వెనక్కి రాదు, అందుకే రాడార్ చిత్రంలో వరద నల్లగా పడుతుంది. మన రీశాట్-1 2012 ఏప్రిల్‌లో, ఈఓఎస్-04 2022 ఫిబ్రవరిలో వెళ్లాయి. 2024 జులై 30న వయనాడ్‌లో కొండ విరిగిపడినప్పుడు మబ్బులు తొలగేదాకా ఆగకుండా రాడార్ చిత్రాలు తీశారు. కార్టోశాట్-3 చిత్రాలతో కలిపి చూసి, ఎక్కడ తెగింది, ఎంత మేర కొట్టుకుపోయింది అన్నది ఎన్‌ఆర్‌ఎస్‌సీ లెక్కగట్టింది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహం ఇంకో మెట్టు. నాసా, ఇస్రో కలిసి చేసింది. పన్నెండు రోజులకోసారి ఒకే నేల మీదికి వస్తుంది. రెండు రాకలకూ మధ్య నేల సెంటీమీటరు స్థాయిలో కుంగినా, ఉబ్బినా పట్టుకునేలా దాన్ని తయారు చేశారు. బోర్లతో నీళ్లు తోడేసిన చోట్ల, బొగ్గు గనుల చుట్టూ నేల ఎంత కుంగుతోందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం మనకు ఇప్పటిదాకా లేదు.

స్వామిత్వ సర్వే అంటే ఏమిటి? గోడల వెంట సున్నం ఎందుకు వేస్తారు?

ఊరి పొలాలకు ఎప్పుడో బ్రిటిష్ వాళ్ల కాలంలో, నిజాం కాలంలో కొలతలు జరిగాయి. ఊరి లోపల ఇళ్లున్న జాగాకు, అంటే గ్రామకంఠానికి, చాలాచోట్ల ఇంటింటికీ కొలత లేదు. తాతల నాటి ఇల్లున్నా బ్యాంకుకు చూపించడానికి సరైన కాగితం లేదు. దీనికోసం 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ మొదలుపెట్టింది. సర్వే ఆఫ్ ఇండియా డ్రోన్లు ఎగరేస్తుంది, రాష్ట్రాలు ఆస్తి కార్డులు ఇస్తాయి. 2025 జనవరి నాటికి దేశంలో 3.17 లక్షల గ్రామాల్లో డ్రోన్ సర్వే పూర్తయింది. ఇంత తక్కువ కాలంలో ఇన్ని ఊళ్ల పైకప్పులు ఇంత వివరంగా ఎక్కించడం మన రంగంలో పనిచేసినవాళ్లకు గర్వంగానే ఉంటుంది.

సున్నం సంగతికి వస్తే, రెండిళ్ల మధ్య హద్దు పైనుంచి కనిపించదు. రెండు రేకుల షెడ్లు ఒకదాని మీదికి ఒకటి వచ్చి ఉంటాయి, కింద గోడ ఎక్కడుందో డ్రోన్‌కు తెలియదు. అందుకే ఎగరేసే ముందు ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు, పంచాయతీవాళ్లు కలిసి ఒప్పుకుని హద్దు వెంట సున్నపు ముగ్గు గీస్తారు. ఆ తెల్లగీత ఫొటోలో పడుతుంది. ఆ పటంలో అన్నిటికంటే విలువైనది నా దృష్టిలో ఆ గీతే. యంత్రం గీసింది కాదు, ఇద్దరు మనుషులు నిలబడి ఒప్పుకున్నది.

పట్టణాలకు ఇలాంటిదే నక్షా పేరుతో 2025 ఫిబ్రవరి 18న 152 పట్టణ సంస్థల్లో మొదలైంది.

పొలాల రీసర్వేలో డ్రోన్ ఉండగా మళ్లీ రోవర్ పట్టుకుని తిరగడం ఎందుకు?

డ్రోన్‌కు గట్టు కనిపిస్తుంది, హక్కు కనిపించదు. అన్నదమ్ములిద్దరు గట్టు తీసేసి కలిపి సాగు చేసుకుంటుంటే ఫొటోలో ఒకే మడి. ఒకే రైతు నీళ్ల కోసం మధ్యలో మూడు గట్లు వేసుకుంటే నాలుగు మడులు. చెట్ల కింద, ఫామాయిల్ తోటల్లో, కొబ్బరి తోటల్లో అసలు గట్టే కనపడదు. అక్కడ రోవర్‌తో, అంటే ఉపగ్రహ సంకేతాలతో చోటును కొలిచే చేతి పరికరంతో, నడవాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్, రోవర్ రెండూ వాడింది అందుకే.

కొత్త కొలతలో నా భూమి రెండు సెంట్లు తగ్గింది. మోసం జరిగిందా?

జరిగి ఉండొచ్చు, జరగకపోయీ ఉండొచ్చు. ముందు కొలతల సంగతి తెలుసుకోండి. పాత ఎఫ్‌ఎంబీ, అంటే పొలాల కొలతలు రాసుకున్న ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, గొలుసుతో కొలిచింది. గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో వంద లింకులు, ఒక్కో లింకు దాదాపు 20 సెంటీమీటర్లు. లింకు కంటే చిన్న తేడాను ఆ పుస్తకం పట్టించుకోలేదు. గొలుసు సాగుతుంది, మధ్యలో వేలాడుతుంది, వాలు నేల మీద పడుకోబెడితే పొడవు ఎక్కువ చూపిస్తుంది. వంద మీటర్ల హద్దు 30 సెంటీమీటర్లు అటు జరిగితే చాలు, 30 చదరపు మీటర్లు, అంటే ముప్పాతిక సెంటు తేడా వచ్చేస్తుంది. రెండు వైపులా అలా వస్తే సెంటున్నర.

దీనికి తోడు వందేళ్లలో గట్లు నడుస్తాయి. ప్రతి దుక్కికీ బెత్తెడు. డొంక దారులు, పుంతలు సన్నబడిపోవడం మీరు కూడా చూసే ఉంటారు. మాదీ అదే కథ. నాన్న చేసుకుంటున్న మడి కొలతలో నాలుగు సెంట్లు తగ్గిందని ఇంట్లో పెద్ద టెన్షన్. పాత ఎఫ్‌ఎంబీ గీసి ఆర్థోఫొటో మీద పరిచి చూశాను. మాది తగ్గలేదు. ఎప్పటి నుంచో పక్కనున్న పుంతలో నాలుగు సెంట్లు మేమే దున్నుకుంటున్నాం. నాన్న ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. పొద్దున్నే లేచి గట్టు వెనక్కి జరిపారు.

అయితే ప్రతిసారీ తప్పు రైతుదే అనుకోకండి. నోటీసు ఇవ్వకుండా, హద్దు రైతులు లేకుండా కొలిచి ఉంటే ఒప్పుకోవద్దు. మళ్లీ కొలవమని రాతపూర్వకంగా అడగండి. తెలంగాణలో అయితే టిప్పన్ (అక్కడి పాత కొలతల పత్రం) నకలు, ఆంధ్రలో ఎఫ్‌ఎంబీ నకలు ముందు తీసుకోండి. ట్రైజంక్షన్ రాయి, అంటే మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట పాతిన రాయి, ఇంకా ఉంటే దాని నుంచి కొలవమనండి. ఆ రాళ్లను పీకేసి బట్టలుతుక్కునే బండలుగా వాడుకున్న ఊళ్లు ఉన్నాయి. దయచేసి వాటిని కదపకండి.

రోవర్‌కు అంత కచ్చితత్వం ఎలా వస్తుంది? ఫోన్ జీపీఎస్ కూడా ఉపగ్రహాలతోనే కదా?

ఫోన్ మూడు నాలుగు మీటర్లు తప్పుతుంది. రోవర్ రెండు మూడు సెంటీమీటర్లలో చెబుతుంది. తేడా కోర్స్ స్టేషన్లది. కచ్చితంగా తెలిసిన చోట, రాత్రీ పగలూ కదలకుండా ఉండే యాంటెనా అది. తన చోటు తనకు తెలుసు కాబట్టి, ఉపగ్రహ సంకేతాలు ఈ క్షణంలో ఎంత తప్పుతున్నాయో దానికి తెలిసిపోతుంది. ఆ సవరణను ఇంటర్నెట్ ద్వారా రోవర్‌కు పంపిస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటా వెయ్యికి పైగా ఇలాంటి స్టేషన్లు పెట్టింది. సిగ్నల్ లేని ఊళ్లో ఈ పద్ధతి ఆగిపోతుంది. సర్వేయర్ ఫోన్ పైకెత్తి పట్టుకుని గట్టు మీద తిరుగుతుంటే నవ్వకండి, ఆయన సవరణ కోసమే తంటాలు పడుతున్నాడు.

సముద్రం ఒడ్డున రోవర్ ఎత్తు మైనస్ డెబ్బై, ఎనభై మీటర్లు చూపించింది. పాడైందా?

బాగానే ఉంది. ఉపగ్రహాలు ఎత్తును భూమికి దగ్గరగా ఉండే ఒక నున్నటి గణిత ఆకారం నుంచి కొలుస్తాయి. అసలు సముద్ర మట్టం గురుత్వాకర్షణను బట్టి ఎగుడుదిగుడుగా ఉంటుంది. మన దక్షిణాదిన అది ఆ ఆకారం కంటే చాలా కిందికి ఉంటుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో వంద మీటర్లకు మించి దిగిపోతుంది, ప్రపంచంలో అంత లోతైన పల్లం ఇంకెక్కడా లేదు. ఆ ఎగుడుదిగుడు సముద్ర మట్టాన్నే జియాయిడ్ అంటారు. కాబట్టి రోవర్ అంకెను జియాయిడ్ నమూనాతో సరిచేయాలి. నీళ్లు పారేది సముద్ర మట్టం లెక్కన, గణిత ఆకారం లెక్కన కాదు. కాలువ డిజైన్ చేసేవాళ్లు ఇది మర్చిపోతే చాలా ప్రమాదం. మన దేశపు పాత సముద్ర మట్టం లెక్కను 1909లో తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లు కొలిచి కట్టారు. అందులో విశాఖపట్నం ఒకటి.

పాత టోపోషీట్ మీద ఫోన్ చూపిన అంకెలు పెడితే మా గుడి చెరువులో పడుతోంది. ఎందుకు?

టోపోషీట్లంటే సర్వే ఆఫ్ ఇండియా వేసిన వివరమైన పటాలు. పాత షీట్లు ఎవరెస్ట్ పేరుతో ఉన్న భూమి ఆకారం మీద గీసినవి. ఫోన్ వాడేది డబ్ల్యూజీఎస్-84 అనే ఇంకో ఆకారం. రెండింటి మధ్య మన ప్రాంతంలో వంద మీటర్లకు పైనే తేడా ఉంటుంది. ముందు మార్చుకుని తర్వాత పెట్టండి.

ఈ పటాలు, చిత్రాలు మామూలు జనానికి దొరుకుతాయా?

ఒకప్పుడు చాలా కష్టం. తీరప్రాంతపు, సరిహద్దు ప్రాంతపు షీట్లు అడిగితే అనుమానంగా చూసేవాళ్లు. 2005 మ్యాప్ పాలసీతో రక్షణ శాఖకు వేరు, జనానికి వేరు అని రెండు వరుసల షీట్లు చేశారు. 2017లో నక్షే పోర్టల్ ద్వారా జనం వరుస షీట్లను ఉచితంగా దింపుకునే వీలొచ్చింది. అసలు తలుపులు తెరిచింది 2021 ఫిబ్రవరి 15న వచ్చిన మార్గదర్శకాలు. భారతీయ కంపెనీలు, సంస్థలు ముందస్తు అనుమతులు లేకుండా సర్వే చేసి పటాలు వేసుకోవచ్చని చెప్పాయి. మీటరు కంటే సూక్ష్మమైన సమాచారం మాత్రం భారతీయుల చేతుల్లోనే, మన దేశంలోనే ఉండాలి. 2022 డిసెంబరులో వచ్చిన జాతీయ జియోస్పేషియల్ విధానం 2030 నాటికి గ్రామీణ ప్రాంతాలు, పట్టణాలకు 5 నుంచి 10 సెంటీమీటర్ల స్పష్టతతో, అడవులు, బీడు భూములకు అర మీటరు నుంచి మీటరు స్పష్టతతో పటాలు ఉండాలని లక్ష్యం పెట్టుకుంది.

పటాల్లో మా ఊరి పేరు తప్పుగా ఎందుకు పడుతుంది?

నేలను ఫొటో తీస్తే పేరు రాదు. పేరు మనిషిని అడగాలి. ఫీల్డుకు వెళ్లినవాళ్లు విని ఇంగ్లిషులో రాసుకొస్తారు, దాన్ని ఇంకెవరో మళ్లీ తెలుగులోకి తిప్పుతారు. ఇంగ్లిషు అక్షరాల్లో "డ"కూ "ద"కూ తేడా లేదు, "ళ"కూ "ల"కూ తేడా లేదు, దీర్ఘం ఉందో లేదో తెలియదు. తాళ్లపాలెం తల్లపాలెం అవుతుంది, గూడెం గుదెం అవుతుంది. మూడు సెంటీమీటర్లు తప్పితే పట్టుబట్టి సరిచేసేవాళ్లం, ఊరి పేరు తప్పితే మాత్రం "పోనీలే" అనుకుంటాం. నాకు ఇది నచ్చదు. చెరువుల పేర్లు, దిబ్బల పేర్లు, పుంతల పేర్లు ఊరి ముసలివాళ్ల నోట ఉన్నాయి. ఫీల్డు ఫారాల్లో తెలుగులోనే రాయించే పద్ధతి పెడితే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి.

కృత్రిమ మేధ వచ్చాక ఇక మనుషులతో పనేముంది?

ఇళ్ల కప్పులు, రోడ్లు గుర్తించడంలో అది నాకంటే వేగం. అందులో వాదన లేదు. ఆరబోసిన ధాన్యం మీద కప్పిన నీలం పట్టాను ఇల్లు అనుకోవడం, ఎండిన చెరువును బీడు భూమి అనుకోవడం కూడా చూశాను. రెండోది చిన్న తప్పు కాదు. చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే నేల, బీడుగా నమోదైతే దాని మీద ప్లాట్లు వేయడానికి కాచుకున్నవాళ్లు ఎప్పుడూ ఉంటారు. యంత్రం గీసినదాన్ని వర్షాకాలపు చిత్రంతో, పాత షీటుతో, ఊరివాళ్ల మాటతో సరిచూసే మనిషి కావాలి.

ఈ రంగంలో చదువుకోవాలంటే?

హైదరాబాద్ ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో, ఆంధ్రా యూనివర్సిటీలో కోర్సులు ఉన్నాయి. డెహ్రాడూన్ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచిత పాఠాలు చెబుతుంది, డిగ్రీలో ఉండగానే చేరండి. లెక్కలంటే భయం లేకపోవాలి, ఎండలో నడిచే ఓపిక ఉండాలి.

మా ఊరికి వచ్చే వారం డ్రోన్ వస్తుందట. మేము ఏం చేయాలి?

హద్దు రాళ్ల చుట్టూ గడ్డి, ముళ్ల కంప కోసేయండి. రాయి మీద సున్నం కొట్టండి. పక్క రైతుకు, పక్కింటివాళ్లకు ముందు రోజే చెప్పి ఇద్దరూ కలిసి నిలబడండి. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే నమ్మకమైన మనిషికి రాసిచ్చి పంపండి, "తర్వాత చూసుకుందాం" అనుకోవద్దు. గడ్డివాము హద్దు మీద ఉంటే జరపండి. పాత దస్తావేజు, పాసుపుస్తకం దగ్గర పెట్టుకోండి. కొలిచాక ఇచ్చే ముసాయిదా పటంలో మీ మడి ఆకారం చూసుకోండి, నాలుగు మూలలా పక్కవాళ్ల పేర్లు చదవండి, అభ్యంతరానికి గడువు ఎప్పటిదాకా ఉందో అడిగి క్యాలెండర్ మీద రాసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు నడవగలిగితే వాళ్లను పొలం దాకా తీసుకెళ్లండి. రాయి ఎక్కడ పాతారో వాళ్లకు తెలుసు.